ఎవరోళ్ల బిడ్డవు?

నవాబుపేటలో బస్సు దిగి నాలుగడుగులు వేశానో లేదో, చాయ్ హోటల్ ముందు బెంచీ మీద కూర్చున్న ముసలాయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవరోళ్ల బిడ్డవు?" అన్నాడు.

నాకు యాభై ఆరేళ్లు. జుట్టు సగానికి పైగా నెరిసింది. హైదరాబాదులో ముప్పై ఏళ్లుగా బడిపిల్లలకు తెలుగు చెబుతున్నాను. అక్కడ కొత్తవాళ్లు ఎదురైతే "ఏం చేస్తుంటారు?" అని అడుగుతారు. జవాబును బట్టి మనకెంత మర్యాద ఇవ్వాలో తేల్చుకుంటారు. మా ఊళ్లో అది ఆఖరి ప్రశ్న. పేరు కూడా తర్వాతి సంగతే. ముందు నేనెవరి బిడ్డనో తేలాలి. నాయన పేరు చెప్పాను, అందలేదు. తాత పేరు చెప్పాను. "ఓ, గుడికాడోళ్లా!" అంటూ ముఖం విప్పారింది. మా వైపు చర్చిని కూడా గుడి అనే అంటారు. ఆ ఒక్క మాటతో ఆయనకు మా ఇల్లు ఎక్కడో, మేం మొక్కేది ఎవరికో, మా కులమేదో మూడూ తెలిసిపోయాయి. "చాయ్ తాగు బిడ్డా" అని పక్కకు జరిగాడు. తాగాను. ఇలాంటి హోటళ్లలో ఒకప్పుడు మా తాతకు గ్లాసు వేరే ఉండేది. ఆ సంగతి ఆయనకూ తెలిసే ఉంటుంది. ఇద్దరం ఎత్తలేదు.

పోయిన నెల మా సంఘంలో యువజనుల కూటానికి నన్ను మాట్లాడమన్నారు. క్రైస్తవ విశ్వాసంలో మనిషి అస్తిత్వం ఎలా ఏర్పడుతుంది అన్నది అంశం. అస్తిత్వం అన్న మాట నా నోట్లోంచి వచ్చీ రాకముందే ఒక పిల్లవాడు లేచాడు. "అది పేపర్లో మాట టీచర్. ఇంట్లో మాట చెప్పండి" అన్నాడు. తెలుగు టీచర్ని, జవాబు వెంటనే తట్టలేదు. తర్వాత ఆలోచిస్తే ఇంట్లో మాట గుర్తింపు. గుర్తింపు కార్డు, కులంలో గుర్తింపు, పనికి తగ్గ గుర్తింపు. ఐడెంటిటీ అన్న ఇంగ్లీషు మాటకు లాటిన్లో మూలం 'అదే' అన్న అర్థమున్న మాట. నిన్నా నేడూ అదే మనిషిగా ఉండటం. దానికి ఒక్కరు చాలు. మన గుర్తింపుకు మాత్రం ఇద్దరు కావాలి, గుర్తుపట్టేవాళ్లూ గుర్తుపట్టబడేవాళ్లూ. అద్దంలో చూసుకుని "నన్ను నేను గుర్తుపట్టాను" అన్నవాణ్ణి మనవాళ్లు ఆసుపత్రికి తీసుకుపోతారు. ఇంకా లోపలికి పోతే గుర్తు అంటే ఆనవాలు, గుర్తుండటం అంటే జ్ఞాపకముండటం. నేనెవరన్నది ఎవరికో గుర్తున్న సంగతి అన్నమాట.

ఇదంతా కూటంలో చెప్పలేకపోయాను. ఏవో నాలుగు వచనాలు చదివి దిగాను. కాగితాల పని మీద ఊరికొస్తే, ముసలాయన ప్రశ్నతో అది మళ్లీ లేచింది.

ఎవరిదో విడమరిచి చెప్పుకునే ఈ తిప్పలు మా ఊరికి కూడా తప్పలేదు. నవాబుపేట అనగానే "పాలమూరుదా?" అంటారు. మహబూబ్‌నగర్ జిల్లాలోనూ ఒక నవాబుపేట మండలం ఉంది మరి. చిట్టిగిద్ద రైల్వే స్టేషన్ ఉన్న నవాబుపేట అని విడమరిచి చెప్పాలి. మా నాయనమ్మ పుట్టినప్పుడు ఇది నిజాం రాజ్యం. 1948లో భారతదేశంలో కలిసింది, 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది, 1978లో రంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. గడప దాటకుండానే ఆమె చిరునామా మూడుసార్లు మారింది. 2014లో తెలంగాణ, 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లా. ఈ రెండూ ఆమె చూడలేదు.

జిల్లా పేరు మరీ చిత్రం. 'పైగా' అనే వంశపు నవాబు వికారుల్ ఉమ్రా పేరు మీద వెలసిన ఊరు వికారాబాదు. ఉర్దూలో వికార్ అంటే హుందాతనం, గౌరవం. అదే శబ్దం తెలుగు చెవిన పడితే వికారం. చిన్నప్పుడు దీని మీద ఎన్ని వేళాకోళాలు చేసుకున్నామో లెక్కలేదు. పిలిచే నోటిని బట్టి పేరు గౌరవమో వికారమో కావడం నాకు కొత్త కాదు, ఇంట్లో ముందే చూశాను.

మా నాయనమ్మకు రెండు పేర్లు. పుట్టినప్పుడు పెట్టింది ఒకటి, బాప్తిస్మంలో ఇచ్చింది ఒకటి. రెండూ ఇక్కడ రాయను, ఆమె పేర్లు ఆమెవి. మొదటిది ఎలాంటిదో మాత్రం చెబుతాను. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. నాలుగో కాన్పులో ఆమె పుడితే, తల్లి పసిగుడ్డును చేటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచింది. కాసేపాగి, ఎవరో పారేసిన బిడ్డను ఏరుకున్నట్టు తిరిగి ఇంట్లోకి తెచ్చుకుంది. తెలుగు దేశంలో పెంటయ్యలూ పెంటమ్మలూ పుల్లయ్యలూ ఇలా వచ్చినవాళ్లే. చావు ఇంటి మీదికొచ్చి తొంగి చూస్తే, ఇది ఎవరికీ అక్కర్లేని సరుకు అనుకుని దాటిపోవాలి. బిడ్డను దాచడానికి తల్లికి గుడ్డముక్క కూడా లేనప్పుడు పేరులో దాచింది.

ఆ పేరే పటేలు గడీ ముందు ఇంకోలా వినిపించేది. కైకిలికి పోతే అందులో సగమే పలికేవారు, చివర 'అమ్మ' ఉండేది కాదు. తల్లి నోట రక్షరేకు లాంటి పేరు, గడీ ముందు ఊరికే పెంట. ఆమెకు అది అవమానమని కూడా తోచలేదు. పిలుపంటే అంతే అనుకుంది.

పెళ్లయి అత్తగారింటికి వచ్చాక, నిజాం పాలన చివరి ఏళ్లలో, ఇంటిల్లిపాదీ ఒకేసారి బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికే అమెరికన్ మెథడిస్టు మిషన్ వాళ్లు వికారాబాదులో స్థిరపడి బడి, ఆసుపత్రి నడుపుతున్నారు. మెథడిస్టుల పద్ధతిలో నెత్తిన నీళ్లు చల్లి పేరు పెట్టారు, కృప అన్న అర్థం వచ్చే పేరు. తర్వాతి ఆదివారం పాస్టరు అయ్యగారు ఆ పేరు పూర్తిగా పలికి, చివర 'అమ్మ' చేర్చి పిలిచారట. "నేను ఎనక్కి తిరిగి చూసిన బిడ్డా. ఎవరో పెద్దామె వచ్చిందేమో అనుకున్న" అనేది నాయనమ్మ. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నవ్వేది. నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకునేది.

చదువు రాని నాయనమ్మకు బైబిల్లో అందరికంటే ఇష్టమైన మనిషి మరియ కాదు, రూతు కాదు, హాగరు. ఆదికాండం పదహారో అధ్యాయంలో అబ్రాము ఇంట్లో పనిచేసే ఐగుప్తు దాసి. ఆ కథను నేను ఎమ్మే చదివాక మళ్లీ తీసి చూశాను. శారయి గానీ అబ్రాము గానీ మాట్లాడుకునేటప్పుడు ఒక్కసారి కూడా ఆమె పేరెత్తరు. 'దాసి' అంటారు, అంతే. కడుపుతో ఉన్న ఆమె బాధ పడలేక అడవి పట్టి పారిపోతే, నీటి ఊట దగ్గర దేవుని దూత కనిపించి మొట్టమొదట పేరుపెట్టి పిలుస్తాడు. ఎక్కడి నుంచి వస్తున్నదీ, ఎక్కడికి పోతున్నదీ అడుగుతాడు. అచ్చం మా ఊరి ముసలాయన ప్రశ్న, దానికి రెండో సగం చేర్చి. హాగరు మొదటి సగానికే జవాబిస్తుంది. ఎక్కడికి పోతున్నదో ఆమెకు తెలియదు. ఆ తర్వాత ఆమె దేవుడికే ఒక పేరు పెడుతుంది, తనను చూసేవాడన్న అర్థంతో. అబ్రాహాము అంతటివాడు చెయ్యని పని అది.

దూత ఆమెను తిరిగి యజమానురాలి దగ్గరికే పొమ్మంటాడు. నేను దాటవేయబోయిన ఈ ముక్కను నాయనమ్మ దాటనిచ్చేది కాదు. "మల్ల ఆమె కాడికే ఎందుకు పంపిండు? గది నాకు నచ్చలే. పైకి పోయినంక అడుగుత" అనేది. అడిగే ఉంటుంది.

బైబిల్లో పేర్లు మార్చుకోవడం కొత్త కాదు. అబ్రాము అబ్రాహాము అయ్యాడు. రాత్రంతా పెనుగులాడిన యాకోబు తెల్లారేసరికి ఇశ్రాయేలు అయ్యాడు, కుంటుతూ. సీమోను పేతురు అయ్యాడు. ఈ వరసలోనే సౌలు మారుమనస్సు పొంది పౌలు అయ్యాడని మా సండే స్కూల్లో చెప్పారు, నేనూ చాలాకాలం పిల్లలకు అదే చెప్పాను. నిజానికి పౌలు పేరు దేవుడు మార్చలేదు. ఆయన యూదుడూ, రోమా పౌరుడూ. రెండు పేర్లూ ముందునుంచీ ఆయనవే. యూదుల మధ్య సౌలు, అన్యుల మధ్యకు పోయాక పౌలు. అపొస్తలుల కార్యములు పదమూడో అధ్యాయంలో లూకా ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోతాడు. మనం మాత్రం పాత పేరు చచ్చి కొత్త పేరు పుట్టిందని ప్రసంగాలు అల్లుకున్నాం.

నా సంగతికి వస్తే, నాకు ఏ మార్పూ లేదు. నెలల పిల్లప్పుడే బాప్తిస్మం ఇచ్చారు. మా మెథడిస్టులకూ పక్కనున్న బాప్టిస్టులకూ దీని మీద తగవు. తెలివి వచ్చి నమ్మినవాళ్లకే నీళ్లు ఇవ్వాలని వాళ్లంటారు. వాళ్ల వాదనలో బలముంది. అయినా వయసు మీదపడేకొద్దీ నాకు ఆ పసితనపు బాప్తిస్మమే విలువైందిగా కనిపిస్తోంది. నేను ఒక్క మంచిపనీ ఒక్క చెడ్డపనీ చెయ్యకముందే, నోట మాటైనా రాకముందే, గుడి నిండా జనం నిలబడి ఈ పిల్ల ఇక దేవుని పిల్ల, మన పిల్ల అన్నారు. యేసు బాప్తిస్మం వరస కూడా అదే. ఈయన నా ప్రియ కుమారుడని పరలోకం నుంచి స్వరం వినపడేనాటికి ఆయన ఒక్క ప్రసంగం చెయ్యలేదు, ఒక్క రోగిని ముట్టలేదు. ముప్పై ఏళ్ల వయసు దాకా నజరేతులో వడ్రంగం చేసిన మనిషి. కొడుకన్న మాట ముందు వచ్చింది, పని తర్వాత. వెంటనే అరణ్యంలో అపవాది పట్టుకున్నది కూడా ఆ మాటనే. నువ్వు నిజంగా కుమారుడివైతే ఏదీ, రాళ్లను రొట్టెలు చేసి చూపించు అన్నాడు. హైదరాబాదులో నన్ను "ఏం చేస్తుంటారు?" అని అడిగేవాళ్లకూ ఆ అపవాదికీ పోలిక పెట్టను గానీ, ప్రశ్న ఒకే ఇంటిది.

పుట్టుకతో విశ్వాసులమైన పిల్లలకు ఒక చిక్కుంది, సాక్ష్యం. సంఘంలో లేచి నిలబడి, నేను ఒకప్పుడు ఇలా ఉండేదాన్ని, ప్రభువు నన్ను ఇలా మార్చాడు అని చెప్పాలి. తాగుబోతులకు, జూదగాళ్లకు మంచి సాక్ష్యాలుండేవి. మా వాడలో ఒక పెద్దాయన సాక్ష్యం మొదలుపెడితే పిల్లలం ముందు వరసకు పాకేవాళ్లం. ఏటా ఆయన తాగిన సారా కుండలు పెరుగుతూ ఉండేవి. పన్నెండేళ్లప్పుడు నా వంతు వచ్చింది. చెప్పుకోవడానికి పాపం లేదు. పక్కింటి దొడ్లో రెండు జామకాయలు దొంగిలించానని చెప్పి, అది చాలదేమోనని అయిదు చేశాను. పాస్టరమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇంటికొచ్చాక పక్కింటామె లెక్క అడిగింది.

ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, మనిషి తానెవరో తెలుసుకునేది ఇలాగే. బతుకులో జరిగినవన్నీ చెల్లాచెదరుగా పడి ఉంటాయి. వాటిని ఏరి, ముందు ఇది, మలుపు ఇది అని వరస కట్టడానికి ఒక అచ్చు కావాలి. మా సంఘం నాకు ఇచ్చిన అచ్చు సాక్ష్యం. అది కొన్నిసార్లు బిగుతయ్యేది, కొన్నిసార్లు వదులయ్యేది. నా పాపాలు దానికి సరిపోయేంత పెద్దవి కావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. అప్పుడు లేచి చెప్పడానికి ధైర్యం చాలలేదు.

మా అమ్మాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. రెండేళ్ల కింద ఒకరోజు ఫోన్లో, "అసలు నేనెవరో నేను కనుక్కోవాలి మమ్మీ" అంది. నవ్వలేదు. ఎవరి బిడ్డవు, ఎవరి కోడలివి, ఎవరి తల్లివి. నా బతుకంతా ఈ మూడు ప్రశ్నల మీదే నడిచింది. నేనుగా నన్ను అడిగినవాళ్లు తక్కువ. ఆడపిల్ల ఈ వరస తెంచుకుని ఒక్కతే నిలబడి చూసుకోవాలనుకోవడంలో తప్పేముంది? కానీ ఏడాది తిరిగేసరికి పిల్ల అలిసిపోయింది. వ్యక్తిత్వ పరీక్షలని ఆన్‌లైన్‌లో ఏవేవో రాసింది. నాలుగక్షరాల జవాబు వచ్చింది, మూడు నెలలకు మళ్లీ రాస్తే ఇంకో నాలుగక్షరాలు వచ్చాయట. తనను తానే తయారుచేసుకోవాలి, తానే తూచుకోవాలి, తానే మార్కులు వేసుకోవాలి. రాత్రి కూడా సెలవు లేదు.

ఆమెకు అగస్టీను గురించి చెప్పాను. ఉత్తర ఆఫ్రికాలో 354లో పుట్టినవాడు. మనిషి తన లోపలికి తాను చూసుకుంటూ రాసిన పుస్తకాల్లో ఆయన 'కన్ఫెషన్స్' మొదటి వరసలోది, నాలుగో శతాబ్దం చివర రాసింది. విచిత్రమేమిటంటే తన గురించి రాసిన ఆ పుస్తకమంతా దేవుణ్ణి 'నువ్వు' అంటూ మాట్లాడుతుంది. తనకు తానే చిక్కుముడి అయిపోయానని ఒప్పుకుని, ఆ ముడిని ఎదుటివాడి ముందు పెడతాడు. మా అమ్మాయికి ఇది అంతగా పట్టలేదు. పట్టింది బోన్‌హాఫర్. హిట్లర్‌ను ఎదిరించిన జర్మన్ పాస్టరు, 1943లో ఖైదు చేశారు, 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు. చనిపోవడానికి ముందు ఏడాదిలోపే జైల్లో ఆయనొక కవిత రాశాడు. నేనెవరిని అన్నదే దాని పేరు. కాపలావాళ్లకు కనిపించే నిబ్బరమైన మనిషి ఒకరు, లోపల తనకు తెలిసిన బెంబేలెత్తిన మనిషి ఒకరు. ఇద్దరిలో ఎవరు తాను? తేల్చుకోలేక, ఆ లెక్క తేల్చే పని చివరికి దేవుడి చేతికి వదిలేస్తాడు. 'ఎవరు' అన్న ప్రశ్నకు 'ఎవరివాడు' అన్నది జవాబైంది. చాయ్ హోటల్ ముసలాయనకు ఆ కవిత చదివి వినిపిస్తే, "ఇంగ అదే కదా నేనడిగేది" అనేవాడు.

అంత తేలిగ్గా అనుకోవడానికీ లేదు. "ఎవరి మనిషివి?" అని మా తాతను అడిగితే, ఫలానా పటేలు జీతగాణ్ణని చెప్పాల్సివచ్చేది. ఒకరివాళ్లం కావడం మా వాళ్లకు తెలియని సుఖమేమీ కాదు, బాగా తెలిసిన బరువు. కాబట్టి నువ్వు దేవుని సొత్తువు అన్న మాట మా వాడలో పడ్డప్పుడు అది రెండు రకాలుగా వినిపించి ఉండాలి. ఇంకో దొర వచ్చాడా అని ఒకటి. ఇక ఈ దొరలెవరూ మన దొరలు కాదు అని ఇంకోటి. రెండోది విన్నవాళ్లే గుడికాడోళ్లయ్యారు.

అదీ ఒక్కొక్కరుగా కాదు. ఒంగోలు దగ్గర 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో అంతా మన పాస్టర్లే, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి. అది పెద్ద కరువు కాలం. గింజల కోసం మతం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. కరువు పని జరిగినన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడన్న సంగతి అనేవాళ్లకు అక్కర్లేదు. నాకు తోచేది ఇంకొకటి. పల్లెలకు పల్లెలు కదిలివచ్చిన చోట 'నేను నమ్మాను' అన్న మాట కంటే ముందు 'మేము నమ్మాము' పుట్టింది. మా నాయనమ్మను నువ్వెందుకు నమ్మావని నేను ఎన్నోసార్లు అడిగాను. "ఇంటోళ్లందరం పోయినం" అనేది. అంతకుమించి వెతికితే మళ్లీ ఆ వెనక్కి తిరిగి చూసిన కథ దగ్గరికే వచ్చేది. అందరితోపాటు పోయింది నిజమే. పేరుపెట్టి పిలిస్తే మాత్రం ఒక్కతే వెనక్కి చూసింది.

ఇక కాగితాల సంగతి. నేను ఊరికొచ్చిన పనీ అదే కాబట్టి దాటలేను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులమన్న గుర్తింపు హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రెండు రాష్ట్రాల్లో అలా మతం మారినవాళ్లు బి.సి.-సి, వాటా ఒక్క శాతం. మా నాయన ఉన్నదున్నట్టు బి.సి.-సి అని రాయించుకున్నాడు. మా చిన్నాన్న బడి రికార్డులో పాత పేరూ పాత కులమే ఉన్నాయి. ఒకే తల్లి పిల్లలు, ప్రభుత్వం దగ్గర ఇద్దరివీ రెండు కులాలు. ఆదివారం ఒకే బల్ల దగ్గర పక్కపక్కన మోకరించి రొట్టె తీసుకునేవారు. మా నాయనది నిజాయితీ, చిన్నాన్నది అబద్ధం అని చాలాకాలం అనుకున్నాను. బాప్తిస్మం తీసుకున్న మర్నాడు ఊళ్లో ఎవరూ మా బిందె ముట్టుకోవడం మొదలుపెట్టలేదు. ఊరు మారనిదే కాగితం ఎలా మారిందని చిన్నాన్న అడిగేవాడు. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

బయటివాళ్లనే అనడం ఎందుకు? క్రీస్తులో యూదుడనీ గ్రీసువాడనీ, దాసుడనీ స్వతంత్రుడనీ లేదని పౌలు గలతీయులకు రాసిన మాట మా గుళ్లలో గోడల మీద ఉంటుంది. ఆ గోడ లోపల మాలల గుడి వేరు, మాదిగల గుడి వేరు అయిన ఊళ్లు ఎన్ని లేవు? క్రైస్తవ పెళ్లిసంబంధాల ప్రకటనల్లో రక్షణ పొందిన వధువు కావలెనంటారు, పక్కనే కులం రాస్తారు. రక్షణ ఎంతవరకు వచ్చి ఆగిందో ఆ ప్రకటన చూస్తే తెలుస్తుంది.

కవి గుర్రం జాషువాను తలుచుకోకుండా ఈ మాట ముగించలేను. 1895లో వినుకొండలో పుట్టాడు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, పేరు బైబిల్లోని యెహోషువది. పురాణగాథల మీద పద్యాలు రాస్తే క్రైస్తవులు వెలివేశారు. పద్యం మెచ్చుకున్న సభలు కులం తెలిశాక ముఖం తిప్పుకున్నాయి. 1941లో 'గబ్బిలం' రాసి, చివరికి 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందాడు. ఎవరోళ్ల బిడ్డవంటే అందరూ మావాడు కాదన్న మనిషి. తనను తాను విశ్వనరుడన్నాడు. ఆ మాటలో ఉన్న ఠీవిని పిల్లలకు ఏటా చెబుతాను. అందులో ఉన్న ఒంటరితనం ఈమధ్యే వినిపిస్తోంది.

నవంబరు వస్తే మా వైపు మనుషులంతా ధారూరు పోతారు. మెథడిస్టు సంఘం ఏటా అక్కడి అడవిలో చెట్ల కింద పెట్టే కూటాలు, వందేళ్ల నాటివి. గుడారాలు వేసుకుని, పొయ్యిలు పెట్టుకుని రోజుల తరబడి ఉంటారు. దాన్ని ఎవరూ కన్వెన్షన్ అనరు, జాతర అనే అంటారు. ధారూరు జాతర. పాత మాటలో కొత్త దేవుడు ఇబ్బంది లేకుండా కూర్చున్నాడు. నాయనమ్మ బతికినన్నాళ్లూ పోయింది, చివరి నాలుగేళ్లు తప్ప.

ఆ నాలుగేళ్లూ ఆమెకు మతి నిలవలేదు. ముందు రోజులు పోయాయి, తర్వాత మనుషులు. నేను పోతే, "ఎవరోళ్ల బిడ్డవు?" అని అడిగేది. మా నాయన పేరు చెబితే, "వాడు బడికి పోయిండు, ఇంక రాలే" అని వాకిలి వైపు చూసేది. ఆయన పోయి అప్పటికి ఆరేళ్లు. కీర్తనలు పోయాయి, హాగరు పోయింది. మంచంలో ఉన్నవాళ్లకు అయ్యగారు ఇంటికే వచ్చి ప్రభురాత్రి భోజన సంస్కారం ఇస్తారు. ఒక పండగ ముందు అలా వచ్చి, బాప్తిస్మంలో పెట్టిన పేరుతో ఆమెను పిలిచారు. పలకలేదు. రెండోసారి గట్టిగా పిలిచారు. కళ్లు చూరు మీదే ఉన్నాయి. అరవై ఏళ్లు ఆ పేరుతో బతికిన మనిషి. నా గుండె జారిపోయింది. ఎదురింటి ముసలామె, నాయనమ్మ పుట్టినూరిదే, గడపలో కూర్చుని ఇదంతా చూస్తోంది. ఇక ఉండబట్టలేక పాత పేరుతో ఒక కేక వేసింది.

నాయనమ్మ తల తిప్పింది.

అయ్యగారు చిన్నవాడు, సెమినరీ నుంచి వచ్చి రెండేళ్లు కాలేదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, రొట్టె ముక్కను ద్రాక్షరసంలో ముంచి, మా గుళ్లో ఎన్నడూ ఎవరూ పలకని ఆ చేటలో పెట్టిన పేరుతో, చివర 'అమ్మ' చేర్చి, మెల్లగా పిలిచాడు. నాయనమ్మ నోరు తెరిచింది.